పొగలేని పొయ్యి

“గట్టిగ ఊదున్రి అంకుల్. ఇంక జర... ఆపకున్రి.”

పండరి కళ్ళు మూసుకుని ఊదాడు. మామూలు మనిషికి ఊదడం ఒక పనా! కానీ గొంతులో పుండు పెట్టుకుని, నెల రోజులుగా ఆ పుండు మీద రేడియేషన్, వాళ్ళ మాటలో కరెంటు, పెట్టించుకుంటున్న వాడికి అది మూట మోసినంత పని. మెడ నరాలు తేలాయి. కరెంటు పడ్డచోట చర్మం మాడిన రొట్టెలా నల్లగా ఉంది. కాగితపు గొట్టం నోట్లోంచి తీయగానే దగ్గు ముంచుకొచ్చి, గోడ పట్టుకుని వంగిపోయాడు.

కౌన్సెలర్ మహిత చేతిలోని మిషన్ సెల్‌ఫోనంత ఉంటుంది. దాని మీద అంకెలు ఎక్కుతూ ఎక్కుతూ ఇరవై ఆరు దగ్గర ఆగాయి. ఎర్ర లైటు వెలిగింది.

సమ్మమ్మకు అంకెల సంగతి అంతగా తెలియదు గానీ ఎర్ర లైటు సంగతి బాగా తెలుసు. బీడీ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషపు గాలి ఉంటుందనీ, తాగిన మనిషి ఊపిరిలో అది పూటంతా మిగిలి ఉంటుందనీ, నోరు పుక్కిలించినా సోంపు నమిలినా ఈ మిషన్‌ను మోసం చేయలేరనీ మహిత మొదటి రోజే చెప్పింది. పచ్చ లైటు వెలిగితే మనిషి మాట మీద నిలబడ్డట్టు. ఎర్రది వెలిగితే తప్పినట్టు.

“నేను తిట్టను అంకుల్. నిజం చెప్పున్రి. రోజుకు ఎన్ని తాగుతాన్రు?”

పండరి తల అడ్డంగా ఊపాడు. “ఒక్కటి గూడ లేదు బిడ్డా.” మాట గాలిలా వచ్చింది.

“మొదటి రెండు వారాలు మంచిగుండె. పచ్చ లైటే వచ్చె. ఇప్పుడు సోమవారం ఒక్కనాడే పచ్చగుంటాంది. సోమవారం రంగుల షెడ్డుకు సెలవు, ఆంటీ ముంగటనే ఉంటరు, తాగరు. మంగళవారం పనికి పోంగనే మళ్ళ ఎర్రది. నేనేం అనుకోవాలె చెప్పున్రి.”

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ లెక్కన చూస్తే పండరి తప్పించుకునే సందే లేదు. సమ్మమ్మ భర్త ముఖంలోకి చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. తప్పు చేసిన వాడిలాగే ఉన్నాడు.

అక్కడి నుంచి డాక్టర్ పద్మలత గదికి పంపారు. డాక్టరమ్మ కోపంగా అన్నా బాగుండేది. ఆమె విసుగ్గా కూడా అనలేదు. “ఇంకా పన్నెండు సిట్టింగులు ఉన్నయి. బీడీ తాగుకుంట కరెంటు పెట్టించుకుంటే సగం పని వృథా. ఇది పని చేయకపోతే గొంతుపెట్టె తీసేయాల్సి వస్తది. తర్వాత మాట రాదు. ఆలోచించుకోన్రి,” అని తరువాతి మనిషిని పిలిచింది.

మాట రాదు. ఆ ముక్క దగ్గరే సమ్మమ్మ బుర్ర ఆగిపోయింది.

వాళ్ళుండే కొత్తవాడలో పండరి గొంతు తెలియనివాడు లేడు. ఆయన గల్లీ మొదట్లో నిలబడి “సమ్మో!” అని కేకేస్తే చివరింట్లో ఉన్న సమ్మమ్మ పళ్ళెంలో అన్నం పెట్టేది. పక్కింటి వాళ్ళు ఆ కేకను బట్టే టైము చూసుకునేవారు. పాతికేళ్ళ కాపురంలో ఆమెకు ఆయన పెట్టిన నగ ఏదైనా ఉందంటే ఆ పిలుపే. పోయిన దసరా నుంచి అది బొంగురుపోయింది. పడిశం అనుకున్నారు, మిరియాల పాలు తాగించారు. క్యాన్సర్ పుండు అని తేలేసరికి చలికాలం వచ్చింది.

ఇల్లు చేరగానే సమ్మమ్మ ఆయన చొక్కాలన్నీ కిందేసింది. జేబులు తిరగదీసి వాసన చూసింది. పరుపు ఎత్తి చూసింది. దేవుడి పటాల వెనక, బియ్యం డబ్బా అడుగున, చెప్పుల్లో కూడా చూసింది. ఒక్క బీడీ ముక్క దొరకలేదు. దొరకకపోయేసరికి కోపం తగ్గాల్సింది పోయి రెండింతలైంది.

“షెడ్డుల దాస్తానవ్. అవునా? ఎవడిస్తాండు నీకు? ఎల్లస్వామి ఇస్తాండా?”

పండరి గోడకు ఆనుకుని కూర్చుని చేతులు జోడించాడు.

“నాకు మొక్కుడెందుకయ్యా! తల్లికి మొక్కు. మేడారంల గద్దె కాడ బీడీ కట్ట, అగ్గిపెట్టె బంగారంతోని కలిపి పెట్టి రాలేదా నువ్వు? ఇంక ముట్టనని అనలేదా? అందరం ఇన్నం గదా.”

నిజమే, అందరూ విన్నారు. ఈసారి జాతరకు పండరి తన ఎత్తు బెల్లం తూకం వేయించి తీసుకుపోయాడు. బెల్లాన్నే అక్కడ బంగారం అంటారు. దాని మీద తన ఆఖరి బీడీ కట్ట పెట్టి, అంత జనంలో ఏడ్చాడు. ముప్పై ఏళ్ళ అలవాటు. డాక్టర్లు చెబితే మానలేదు, పెళ్ళాం తిడితే మానలేదు, తల్లికి మాటిచ్చి మానాడు. సమ్మక్క పేరు పెట్టుకున్న సమ్మమ్మకు ఆ మాట తన మెడకే కట్టినట్టుంది. ఆ రోజు నుంచి అగ్గిపెట్టె ఇంట్లో ఎక్కడా పెట్టదు. కొంగున ముడేసుకునే తిరుగుతుంది.

పండరి లేచి వచ్చి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టబోయాడు, ఒట్టు వేయడానికి. ఆమె ఆ చెయ్యి విసిరికొట్టింది.

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టు! తల్లికి పెట్టిన ఒట్టే తప్పినోనివి, నా నెత్తి ఎంత నీకు?”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తిరిగి అనడానికి గొంతు లేదు కదా. గొంతున్న రోజుల్లో అయితే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు. సమ్మమ్మ రాగి జావ గిన్నె ఆయన ముందు పెట్టి వాకిట్లోకి వెళ్ళిపోయింది. తెల్లారి చూస్తే జావ అలాగే ఉంది, పైన మీగడ కట్టి.

*

వెంకటరాజం రంగుల షెడ్డు కొత్తవాడ వెనక గల్లీలో ఉంటుంది. జంపఖానాలు నేసేవాళ్ళకు కావలసిన నూలు చిలపలకు, అంటే నూలు చుట్టలకు, అక్కడే రంగు వేస్తారు. పెద్ద పొయ్యి మీద మూడు గంగాళాలు. పొద్దున నిప్పు పడితే సాయంత్రం దాకా మరుగుతూనే ఉండాలి. చిలపలను కర్రలకు వేలాడదీసి రంగునీళ్ళలో తిప్పుతుంటారు. ఆరుగురు పని చేస్తారు. పండరికి ఆరు వందల కూలి ఉండేది. ఇప్పుడు సగం పూటకు రెండు వందల యాభై. సమ్మమ్మకు మూడు వందల యాభై. ఇంకో షావుకారి అయితే రోగిష్టి మనిషిని గడప తొక్కనివ్వడు, వెంకటరాజం సగం పూటకైనా పెట్టుకున్నాడు. గుడ్డి కన్నా మెల్ల నయం.

వెంకటరాజం పరాయివాడు కాదు. పండరికి పెదనాన్న కొడుకు. ఆయన షెడ్డులో ఒక ఆచారం ఉంది. పొద్దున పొయ్యిలో నిప్పు ఒక్క సమ్మమ్మే పెట్టాలి. ముందు ఆయన తల్లి పెట్టేది. ఆమె పోయాక, “సమ్మక్క పేరున్న చెయ్యి, ఈ చేత్తోని ఎలిగిస్తేనే రంగు పడతది,” అని ఈ పని మరదలికి అప్పగించాడు. సమ్మమ్మకు అది గౌరవంగానే ఉండేది. ఆ గౌరవం వల్ల జ్వరమొచ్చినా, చుట్టం చచ్చినా పని మానే వీలు లేకుండా పోయిందని ఆమెకు చాలా కాలం తట్టలేదు. వేరే వాళ్ళు వెలిగిస్తే రంగు మచ్చలు పడుతుందని ఆయన చెప్పీ చెప్పీ, పనివాళ్ళు కూడా గట్టిగా నమ్మారు.

ఆ శుక్రవారం కూడా ఆమె పొయ్యికి పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, బొగ్గుల మీద వేసింది. కట్టెబొగ్గులు నెమ్మదిగా అంటుకుని ఎర్రబడ్డాయి. పొగ లేదు. కళ్ళు మండలేదు. షెడ్డంతా శుభ్రంగా ఉంది.

ఈ శుభ్రమంతా సమ్మమ్మ చలవే. మొదట్లో అక్కడ కట్టెలు మండేవి. కరెంటు పెట్టించుకోవడం మొదలయ్యాక ఆ పొగకు పండరి ఉమ్మిలో నెత్తురు జీరలు కనపడ్డాయి. ఆమె పోయి వెంకటరాజం కాళ్ళ మీద పడింది. “బావా, పొగకు ఆయన గొంతు పుండు పుండైతాంది. జర ఏమన్నా చెయ్యున్రి.” వెంకటరాజం ఒక నిమిషం ఆలోచించి, “నా తమ్ముని గొంతు కన్నా కట్టెలెక్కువనా!” అన్నాడు. మూడో రోజుకల్లా లారీలో బొగ్గు దిగింది. బొగ్గు ధర ఎక్కువ, సెగ వృథా పోకూడదని కిటికీలన్నింటికీ రేకులు కొట్టించాడు. పొగే లేనప్పుడు కిటికీలెందుకు? సమ్మమ్మ ఆయన పేరు మీద కొబ్బరికాయ కొట్టింది. అలాంటి మనిషి షెడ్డులో కూర్చుని మొగుడు దొంగచాటుగా బీడీ తాగుతున్నాడంటే ఆమెకు తల కొట్టేసినట్టు ఉండదా మరి.

ఆ పూట ఆమె భర్తను తన పక్కనే నిలబెట్టుకుంది. కంటి రెప్ప వేయకుండా కాపలా కాసింది. ఆయన చిలపలు తిప్పుతున్నాడు, నుదురు రుద్దుకుంటున్నాడు, మధ్య మధ్య గుటక మింగలేక ముఖం చిట్లిస్తున్నాడు. బీడీ లేదు, ఏమీ లేదు. ఆమెకూ తల పోటుగా ఉంది. ఈమధ్య రోజూ ఉంటోంది. ఫికరుకు తలనొప్పి రాక ఏమవుతుంది అనుకుంది. అవతలి గంగాళం దగ్గర ఎల్లస్వామి కర్ర వదిలేసి బయటికి పోయి, గోడవారన వాంతి చేసుకుని వచ్చాడు. వారం కింద ఆయన కళ్ళు తిరిగి పడితే గంగాళం అంచు తగిలి నుదురు పగిలింది. “ఎండలు మొదలైనయి, నీళ్ళు తాగుతలేవు,” అని తలా ఒక మాట అన్నారు. ఆ గాయం మీద ఇంకా నల్లటి పొక్కు ఉంది.

పన్నెండున్నరకు మొగుడూ పెళ్ళాం ఆటో ఎక్కి హన్మకొండ దవాఖానకు బయల్దేరారు. తాను చూస్తుండగా ఒక్కటీ తాగలేదు, కనుక ఈ పూట పచ్చ లైటే వెలగాలి అని సమ్మమ్మ లెక్క.

ఇరవై ఎనిమిది. ఎర్రది.

సమ్మమ్మ పొద్దుటి నుంచి జరిగిందంతా ఒక్కొక్కటిగా తలచుకుంది. పదింటికి తాను నల్లా దగ్గరికి నీళ్ళకు పోయింది. అంతే, ఆ నాలుగు నిమిషాలే! ఎంత దొంగ! కళ్ళతో చూసింది నమ్మాలా, మిషన్‌ను నమ్మాలా అంటే ఆమె మిషన్‌నే నమ్మింది. మిషన్‌కు మొగుడు కాదు కదా ఆయన.

“బిడ్డా, నాకు గూడ ఓ గొట్టమియ్యి,” అంది మహితతో.

“మీకెందుకు ఆంటీ?”

“తాగని మనిషి ఊపిరి ఎట్లుంటదో ఈయన కండ్లతోని చూడాలె. అప్పుడన్న సిగ్గొస్తదేమో.”

మహిత వద్దనబోయి, ఆమె ముఖం చూసి కొత్త గొట్టం తొడిగి ఇచ్చింది. సమ్మమ్మ నిండా ఊపిరి పీల్చి, మహిత ఆగమన్నంత సేపు ఆగి, బుగ్గలు పొంగించి ఊదింది. ఊదుతూ మిషన్ వంక చూడలేదు. భర్త ముఖమే చూస్తోంది, ఇప్పుడు తల దించుకుంటాడు కదా అని.

ఆయన తల దించుకోలేదు. ఆయన కళ్ళు మిషన్ మీద పెద్దవయ్యాయి.

“ఆంటీ,” అంది మహిత నెమ్మదిగా, “మీరు గూడ తాగుతరా?”

ఇరవై మూడు. ఎర్ర లైటు.

పండరి నవ్వాడు. ఎన్ని రోజులైందో నవ్వి. నవ్వు గొంతులో ఇరుక్కుని దగ్గయింది, దగ్గుతూ కూడా నవ్వుతూనే ఉన్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. సమ్మమ్మ మాత్రం కొయ్యబారిపోయింది.

“మిషన్ ఖరాబైంది,” అంది.

మహితకూ అదే అనుమానం వచ్చింది. మరో గొట్టం తొడిగి తానే ఊదింది. రెండు. పచ్చ లైటు. ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

“ఇంట్ల వంట దేని మీద ఆంటీ?”

“గ్యాసు మీద.”

“ఇద్దరు ఒక్క దగ్గరే పని చేస్తరా? అక్కడ పొయ్యి ఏమన్న ఉంటదా?”

“ఉంటది గని పొగ ఉండదు బిడ్డా. కట్టెలు తీసేసి బొగ్గులు పెట్టిన్రు. ఈయన గొంతుకు పొగ పడదని నేనే మా బావ కాళ్ళు మొక్కి మార్పిచ్చిన.”

“ఎప్పటి సంది?”

“రెండు వారాలైతాంది.”

“కిటికీలున్నయా?”

“ఉన్నయి. సెగ పోవద్దని రేకులు కొట్టిచ్చిండు.”

మహిత గబగబా లేచి వెళ్ళి డాక్టరమ్మను వెంటబెట్టుకుని వచ్చింది.

ఈసారి డాక్టర్ పద్మలత కూర్చుని మాట్లాడింది. “కట్టెకు పొగ వస్తది. కండ్లు మండితే మనిషి లేచి బయటికి పోతడు. బొగ్గుకు ఆ పొగ ఉండదమ్మా, విషం మాత్రం ఉంటది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిల అదే నిండుతది. బీడీల ఉన్న గాలి, ఇది, రెండు ఒక్కటే. అందుకే మిషన్ మీ ఆయనను దొంగను చేసింది.” ఆమె పండరి వైపు తిరిగింది. “మేం పెట్టే కరెంటు గడ్డ మీద మంచిగ పనిచేయాలంటే రక్తంల ఆక్సిజన్ ఉండాలె. ఈ గాలి పోయి ఆక్సిజన్ జాగల కూసుంటది. మిమ్మల్ని అనుమానించిన, తప్పయింది.”

“ఇప్పటిదాకా పెట్టినయన్ని పోయినట్టేనా అమ్మా?” అడిగింది సమ్మమ్మ.

“పోయినట్టని అనను. ఎంత నష్టమైందో ఇప్పుడే చెప్పలేను. మిగిలినయన్న సక్కగ పడాలె. అక్కడికి ఈయన మళ్ళ పోవద్దు, మీరూ పోవద్దు. అక్కడ ఎవరికన్న తల తిరుగుతాందా? వాంతులు?”

సమ్మమ్మ ఎల్లస్వామి సంగతి చెప్పింది. డాక్టరమ్మ ముఖం మారిపోయింది. “ఈసారి పడితే లేవకపోవచ్చు. ముందు ఆ కిటికీలు తీపియ్యున్రి.”

లోపల పండరిని బల్ల మీద పడుకోబెట్టి, ముఖానికి వల లాంటి ముసుగు బిగించి కరెంటు పెడుతున్నంతసేపూ సమ్మమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. ఏడుపు వస్తే కాస్త నయంగా ఉండేది. ఆయన చేతులు జోడించినప్పుడు తాను అన్న మాటలు, విసిరికొట్టిన చెయ్యి, మీగడ కట్టిన జావ, అన్నీ వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. తల్లికిచ్చిన మాట ఆయన నిలబెట్టుకున్నాడు. తానే నిలబడనివ్వలేదు. మంచి చేస్తున్నాననుకుని, పసుపు కుంకుమ పెట్టి మరీ, రోజూ తన చేత్తో ఆయన గొంతుకు నిప్పు పెట్టింది.

ఆయన బయటికి వచ్చాక ఆమె లేచి రెండు చేతులూ పట్టుకుంది. “నా చేతులతోనే చేసిన గదయ్యా,” అంది. ఇప్పుడు ఏడుపు వచ్చింది.

పండరి ఆమె చెవి దగ్గరికి వంగాడు. “పొగ పోయిందని... నేను గూడ సంబురపడితి,” అన్నాడు.

*

వాళ్ళు షెడ్డు చేరేసరికి పని దిగిపోయి అందరూ నల్లా దగ్గర రంగు చేతులు కడుక్కుంటున్నారు. వెంకటరాజం లేడు. సమ్మమ్మ జరిగింది చెప్పింది. నమ్మీ నమ్మనట్టు విన్నారు. పొగ లేని పొయ్యి మనుషుల్ని చంపుతుందంటే ఎవరు నమ్ముతారు! ఎల్లస్వామి ఒక్కడే నుదుటి పొక్కు తడుముకుని, “సోమారం నాడు నాకు తలనొప్పి ఉండదు వదినా. ఇంట్ల పెండ్లాం చేతి కూడు తింటే తగ్గుతాందనుకున్న,” అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

తెల్లారి వెంకటరాజం స్కూటీ దిగేసరికి పొయ్యి చల్లగా ఉంది. బొగ్గులు నల్లగా పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. పసుపు కుంకుమ లేదు. పనివాళ్ళు గోడవారన నిలబడ్డారు. పండరి గడప బయట మెట్టు మీద కూర్చున్నాడు. వద్దన్నా వచ్చాడు. సమ్మమ్మ పొయ్యి ముందు నిలబడి ఉంది.

“ఏందే సమ్మమ్మా, పొద్దెక్కింది, ఇంక నిప్పు పడలే?”

“రేకులు తీపియ్యున్రి బావా. తీసినంక పెడత.”

ఆయన కారణం అడిగాడు, ఆమె చెప్పింది. మిషన్ సంగతీ, డాక్టరమ్మ సంగతీ, ఎల్లస్వామి సంగతీ. వెంకటరాజం అంతా విని నవ్వాడు.

“కనబడకుంట, వాసన రాకుంట విషమెట్లుంటదే? ఆ దవాఖానోళ్ళు చెప్తరు, నువ్వు ఇంటవ్. అసలు బొగ్గులు పెట్టుమని నా కాళ్ళ మీద పడ్డదెవరు?”

అది సమ్మమ్మకు సూటిగా వచ్చి తగిలింది.

“నేనే పడ్డ. తెల్వక అడిగిన. ఇప్పుడు తెలిసి అడుగుతాన. కిటికీలు తీపియ్యున్రి. లేకుంటే ఎప్పటి లెక్క కట్టెలే తెప్పియ్యున్రి, పొగ మీదికి పోయేటట్టు గొట్టం కట్టియ్యున్రి.”

“కట్టెలా! మళ్ళ ఆ వెనకాల కాలనీవోళ్ళు పొగొస్తాందని కార్పొరేషన్‌కు ఉరుకుతరు. పండుగ ముంగట ఇచ్చిన నోటీసుకే నాకు నిద్ర లేదు. ఇంకోటి వస్తే షెడ్డే మూసుకోవాలె...”

అనేసి ఆగిపోయాడు. నోరు జారిందని ఆయనకు తెలిసింది. సమ్మమ్మకూ తెలిసింది.

“నోటీసొచ్చిందా బావా? పండుగ ముంగటనే, నేను అడుగకముందే?” ఆమె గొంతు చిన్నగా ఉంది. “మరి తమ్ముని గొంతు కోసమంటిరి. నేను మీ పేరు మీద కొబ్బరికాయ కొడితి.”

వెంకటరాజం చెడ్డవాడేం కాదు, ఆయన్నడిగితే. ఒకే ఖర్చుతో రెండు పనులు అవుతుంటే ఎవరు కాదంటారు? పైగా మరదలు కాళ్ళ మీద పడితే పుణ్యం కూడా కలిసొచ్చింది. కానీ ఇప్పుడు అందరూ చూస్తున్నారు. ఆయన గొంతు తగ్గించి, ఆమె దగ్గరికి వచ్చాడు.

“సరే, ఒక మాట ఇను. పండరిని ఇంట్లనే కూసోవెట్టు. పని చెయ్యకున్నా సగం కూలి ఇస్త, ఆయనకు మంచిగయ్యేదాక. ఏ షావుకారి ఇస్తడో చెప్పు. రేకుల ముచ్చట మాత్రం ఎత్తకు. సెగ పోతే బొగ్గు రెండింతలు పడతది, నాకు గిట్టదు. నీకు రోగం లేదు గదా. నువ్వు ఎలిగియ్యి, పని మొదలైతది.”

సమ్మమ్మ మనసు ఊగింది. ఊగలేదని చెబితే అబద్ధం. ఆయన ఇంట్లో కూర్చుంటాడు. కరెంటు సక్కగా పడుతుంది. జావకు, మందులకు, ఆటోకు లోటుండదు. గొంతు నిలుస్తుందేమో, గల్లీ మొదట్లోంచి ఆ కేక మళ్ళీ వినబడుతుందేమో. అందుకు తాను చేయాల్సిందల్లా రోజూ చేసేదే, ఒక్క పుల్ల గీయడం. తలనొప్పి తనకు అలవాటే.

ఆమె చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. ముడి విప్పి అగ్గిపెట్టె తీసింది. వెంకటరాజం ముఖం విచ్చుకుంది.

అప్పుడు ఆమెకు ఎల్లస్వామి నుదురు కనిపించింది. ఆయన అడ్డం రాలేదు. తన కర్ర తాను పట్టుకుని, ఆమె వెలిగిస్తే గంగాళం దగ్గరికి పోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు. ఆయనకూ ఇంట్లో పొయ్యి మండాలి. మిగతా వాళ్ళూ అలాగే ఉన్నారు. తాను పుల్ల గీస్తే అందరూ లోపలికి పోతారు. నిన్నటి దాకా తెలియక పంపింది. ఇవాళ తెలిసి పంపాలి.

“నేను పెట్ట బావా,” అంది.

“ఏందీ?”

“నేను నిప్పు పెట్ట. రేకులు తీసేదాక పెట్టనంటే పెట్ట.”

ఆ షెడ్డులో పని చేసిన పదకొండేళ్ళలో వెంకటరాజానికి ఆమె ఎదురు చెప్పిన మాట అదొక్కటే. ఆయన ముఖం కందగడ్డ అయింది. “నువ్వు పెట్టకుంటే ఆగుతదా? ఇటియ్యి, నేనే ఎలిగిస్త.”

“మచ్చలు పడతదంటిరి గద సేటూ, వేరేటోళ్ళు ఎలిగిస్తే,” అన్నాడు ఎల్లస్వామి. ఎగతాళికి అన్నాడో, నిజంగానే అన్నాడో ఆయన ముఖం చూస్తే తెలియలేదు. కానీ చేతిలోని కర్రను గోడకు ఆనించాడు. పక్కనున్న ఇద్దరు కూడా తమ కర్రలు దించారు.

వెంకటరాజం వాళ్ళ వైపు చూడలేదు. సమ్మమ్మ ముందుకు చెయ్యి చాచాడు. “అగ్గిపెట్టె ఇటియ్యే.”

ఆమె చేతిలోని అగ్గిపెట్టెలో పుల్లలు చప్పుడు చేశాయి.

గడప దగ్గర అలికిడైంది. పండరి మెట్టు మీంచి లేచి, ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. మాట్లాడొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నోరు తెరిచాడు. మెడ నరాలు తేలాయి.

“సమ్మో,” అన్నాడు. “ఇయ్యకు.”

గల్లీ చివరి దాకా పోయే గొంతు పొయ్యి దాకా కూడా సరిగ్గా రాలేదు. సగం గాలే. అయినా గంగాళాలు మరగని ఆ షెడ్డులో అది అందరికీ వినిపించింది. సమ్మమ్మ అగ్గిపెట్టెను మళ్ళీ కొంగున ముడేసి, ముడిని నడుములో దోపుకుంది.

వెంకటరాజం చెయ్యి ఇంకా చాచే ఉంది.